మీ పేరుకి ఎన్ని గళ్లు?

పిల్ల పుట్టగానే తాతయ్య ఓ పేరు, నాయనమ్మ ఓ పేరు, మొక్కుకున్న దేవుడి పేరు ఇంకోటి... అన్నీ కలిపి బారెడు పేరు పెట్టేస్తాం. ఆ పేరుకి అసలు పరీక్ష బారసాల నాడు కాదు, మొదటిసారి కంప్యూటర్లోకి ఎక్కించిన రోజున! ఎంత పొడవుంటుందో ముందుగా తెలియని పేరుని, ముందే కొలిచి కట్టిన గదిలో ఎలా పెట్టాలి? సి భాష నేర్చుకునే ప్రతి ఇంజినీరింగ్ విద్యార్థికీ ఎదురయ్యే ఈ చిక్కు వెనక పెద్ద కథే ఉంది.

విజయవాడ వెళ్లే రైలు టిక్కెట్టు ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ఊరి పేరు దగ్గర ‘బీజడ్ఏ’ అని మూడు ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. బెజవాడ కాస్తా విజయవాడ అయి దశాబ్దాలు గడిచినా రైల్వే లెక్కల్లో మాత్రం అది ఇంకా బెజవాడే. మచిలీపట్నం ‘ఎంటీఎం’, గుడివాడ ‘జీడీవీ’. తంతి రోజుల నుంచీ రైల్వేవాళ్లది ఇదే పద్ధతి. ఎందుకంటే ఊళ్ల పేర్లు ఒక్క కొలతలో ఉండవు. ఒడిశాలో ‘ఈబ్’ అనే స్టేషనుకి ఇంగ్లిషులో రెండే అక్షరాలు. మన రాష్ట్రంలోనే తమిళనాడు సరిహద్దు దగ్గరున్న వెంకటనరసింహరాజువారిపేటకి ఏకంగా 28. ఆ రెంటికీ ఒకే కొలత గడి కట్టాలంటే ఎవరికైనా తలనొప్పే. అందుకే పేరుని పక్కనపెట్టి పొట్టి గుర్తుతో సరిపెట్టారు.

ఊరికైతే సరే. మనిషి పేరుని మూడు అక్షరాలకి కుదిస్తే ఊరుకుంటారా?

కృష్ణా డెల్టాలో వినిపించే తరహా పేరు ఒకటి ఊహించుకుందాం. వెంకట నాగ సత్య దుర్గా భవాని. ఏడుకొండలవాడూ, ఇంద్రకీలాద్రి అమ్మవారూ, నాగదేవతా అందరూ ఉన్నారు. ఇంగ్లిషులో రాస్తే ఖాళీలతో కలిపి 32 గళ్లు. రైలు రిజర్వేషన్లో ప్రయాణికుల పేరుకి చాలాకాలం ఇచ్చినవి 16 గళ్లే. అంటే మన భవాని అక్కడ ‘వెంకట నాగ సత్’ దగ్గర ఆగిపోయిందన్నమాట. భవాని లేదు, దుర్గ లేదు, సత్య సగమే మిగిలింది. టిక్కెట్టుకైతే ‘వి.ఎన్.ఎస్.డి.భవాని’ అని ఎలాగో సర్దుకుంటారు. పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా పడితేనే అసలు తిప్పలు. ‘ఈ ముగ్గురూ ఒక్కరే’ అని నోటరీ చుట్టూ తిరిగిన కుటుంబాలు మనకి కొత్తకాదు.

తప్పు పేరుదా, గడిదా?

స్ట్రక్ట్ అంటే దరఖాస్తు ఫారమే

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1970ల మొదట్లో సి భాషని తయారుచేశాడు. మన దగ్గర ఇంజినీరింగ్ చదివినవాళ్లలో ఆ భాష తాకని వాళ్లు తక్కువ. విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ మొదలైంది 1977లో. తర్వాతి ఇరవై ముప్ఫై ఏళ్లలో డెల్టా అంతటా ఎన్ని కాలేజీలు వచ్చాయో చూశాం. ల్యాబ్‌లో టర్బో సి నీలం తెర ముందు కూర్చుని ‘విద్యార్థి పేరు, మార్కులు’ అంటూ మొదటి రికార్డు రాసినవాళ్లు ఇప్పుడు నడివయసుకొచ్చారు.

ఆ రికార్డునే సి భాషలో స్ట్రక్ట్ అంటారు. అదో దరఖాస్తు ఫారంలాంటిది. మార్కులకింత చోటు, పుట్టినతేదీకింత చోటు అని ముందే గీసేస్తారు. అంకెతో ఇబ్బంది లేదు. మార్కులు 9 అయినా 99 అయినా నాలుగు బైట్లు చాలు. బైటు అంటే కంప్యూటరు జ్ఞాపకంలో ఒక గడి, ఒక ఇంగ్లిషు అక్షరం పట్టేంత చోటు. చిక్కంతా పేరుతోనే. ‘రవి’కి నాలుగు, మన భవానికి 32. ఎంత గీయాలి?

చాలా భాషలు ఈ బాధ్యతని తమ నెత్తినే వేసుకుంటాయి. పేరు ఎంతైనా ఇవ్వండి, చోటు సంగతి మేం చూసుకుంటాం అంటాయి. సి అలా కాదు. యంత్రానికి బాగా దగ్గరగా ఉండే భాష. స్థలం చూపిస్తుంది, ఇల్లు మీరే కట్టుకోవాలి. గోడ పక్కవాడి స్థలంలోకి వెళ్లినా వద్దనదు.

మొదటి దారి: గీసిన గడి

అందరికీ ముందుగా తోచేది ఇదే. పేరుకి 20 గళ్లు అని గీసేయడం. ఇందులో సుఖం లేకపోలేదు. ఒక్కో రికార్డు 100 బైట్లనుకుంటే, మొదటిది సున్నా దగ్గర మొదలైతే ఐదొందల రికార్డుల తర్వాతది సరిగ్గా 50 వేల దగ్గర ఉంటుంది. గుణిస్తే చాలు, వెతకక్కర్లేదు. కాలనీలో ప్లాట్లన్నీ ఒకే కొలతలో ఉంటే ఇంటినెంబరు చూసి నేరుగా వెళ్లిపోయినట్లే. దుబారా మాత్రం తప్పదు. పది లక్షల మందికి పేరు కోసమే తలా వంద గళ్లు ఇస్తే మొత్తం పది కోట్ల బైట్లు. సగటున ఇరవయ్యే వాడుకుంటే ఎనిమిది కోట్లు ఖాళీ. ఇప్పుడు ఫోన్లో నాలుగు పెళ్లి ఫొటోలకి సరిపోయే చోటే అనుకోండి. ఒకప్పుడది ఊహకందని సంపద.

అందుకే పాతవాళ్లు గడి గడికీ పీనాసితనం చూపించారు. పంచ్ కార్డు మీద ఉండేవే 80 నిలువు వరసలు. సంవత్సరానికి నాలుగు గళ్లెందుకు, ‘1967’కి బదులు ‘67’ చాలదా అనుకున్నారు. ఆ రెండు గళ్ల పొదుపే వైటూకే అయి కూర్చుంది. 1990ల చివర్లో అమీర్‌పేటలో కోర్సు చేసి, కృష్ణా గుంటూరు జిల్లాల నుంచి ఎంతమంది కుర్రాళ్లు ఆ గళ్లు సరిచేయడానికి విమానం ఎక్కారో ప్రతి ఊళ్లోనూ చెబుతారు. డెల్టాలో కొన్ని డాబాలకి పునాది ఆ చిన్న గడే!

సి పుట్టిన ఇంట్లోనూ ఇదే తంతు. కెన్ థాంప్సన్, రిచీ కలిసి తయారుచేసిన తొలినాళ్ల యునిక్స్‌లో ఫైలు పేరుకి 14 గళ్లే. ఫైలు నంబరుకి రెండు, పేరుకి పద్నాలుగు... మొత్తం పదహారు, చక్కటి లెక్క. మైక్రోసాఫ్ట్ డాస్ ఇంకా పిసినారి. పేరుకి ఎనిమిది, చుక్క తర్వాత మూడు. 1995లో విండోస్ 95 వచ్చి పెద్ద పేర్లని ఒప్పుకున్నా పాత ప్రోగ్రాముల కోసం వాటిని కుదించి చూపించేది. ‘విజయవాడ’ అని ఇంగ్లిషులో రాస్తే పది అక్షరాలు, ఎనిమిది గళ్లలో పట్టదు. మొదటి ఆరు అక్షరాలు తీసుకుని ‘~1’ తగిలిస్తే ‘విజయ~1’ అయ్యేది. వాడ ఎగిరిపోయి విజయ మిగిలింది!

యునిక్స్‌లోనే బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు 1983లో ఈ 14 గళ్ల గోడ పగలగొట్టారు. ప్రతి రికార్డు మొదట్లోనే ‘నా మొత్తం పొడవు ఇంత, నా పేరు పొడవు ఇంత’ అని రాసిపెట్టి, ఆ తర్వాత పేరు రాశారు. 255 అక్షరాల వరకూ ఎంతైనా సరే. పేరుకి తగ్గట్టు రికార్డు పెరుగుతుంది, తరుగుతుంది. ఈ ఉపాయం గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మార్కులు 109 కోట్లు!

గీసిన గడిలో పట్టనంత పేరు వస్తే ఏమవుతుంది? కత్తిరిస్తే అదో బాధ. కత్తిరించడం మరచిపోతే అంతకన్నా పెద్ద ప్రమాదం.

పేరుకి 20 గళ్లు, దాని వెనకే మార్కులకి నాలుగు గళ్లు ఉన్న రికార్డు అనుకుందాం. మన భవానికి 92 మార్కులు వచ్చాయి. ముందు మార్కులు, తర్వాత పేరు నింపారు. ‘వెంకట నాగ సత్య ’ వరకూ 19 గళ్లు, దుర్గలోని ‘డి’ ఇరవయ్యోది. మిగిలిన ‘యు, ఆర్, జి, ఎ’ ఎక్కడికి పోతాయి? నేరుగా మార్కుల గళ్లలోకి. కంప్యూటర్‌కి అక్షరమైనా అంకే. ఇంట్లో వాడే మామూలు కంప్యూటర్లో ఆ నాలుగు అక్షరాల్నీ మార్కులుగా చదివితే వచ్చే విలువ... 109 కోట్ల 51 లక్షల 93 వేల 173! ‘భవాని’ అక్కడా ఆగదు, ఆ పక్కనున్న ఇంకెవరి రికార్డునో తొక్కేస్తుంది. సి భాష కిక్కురుమనదు.

ఇది నవ్వుకునే ఉదాహరణ. 1988 నవంబరు 2న జరిగింది నవ్వులాట కాదు. కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన ఓ ప్రోగ్రాం రాత్రికి రాత్రి అప్పటి ఇంటర్నెట్‌లో వేలాది కంప్యూటర్లని స్తంభింపజేసింది. అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి అచ్చంగా ఇదే. 512 గళ్లున్న చోట అంతకన్నా పొడవైన వాక్యం పంపించారు. ఎంత వస్తోందో కొలవకుండా లోపలికి తీసుకునే సి భాషా ఫంక్షను పేరు ‘గెట్స్’. దాన్ని భాషలోంచి పూర్తిగా తీసేయడానికి 2011 దాకా పట్టింది.

చివరి పెట్టె బోర్డు

ఇంకో ప్రశ్న. ఇరవై గళ్లలో ‘రవి’ అని నాలుగే రాస్తే, పేరు అక్కడితో అయిపోయిందని యంత్రానికెలా తెలుస్తుంది?

విజయవాడ జంక్షన్‌లో రైలు వెళ్లిపోయేటప్పుడు ఆఖరి పెట్టె వెనక ‘ఎల్‌వీ’ అని రాసిన చిన్న బోర్డు కనిపిస్తుంది. లాస్ట్ వెహికల్ అని. దాన్ని చూస్తేనే స్టేషన్ సిబ్బందికి ధైర్యం, రైలు మొత్తం వచ్చింది, దారిలో పెట్టెలేవీ తెగిపోలేదని. సి భాషలో పేరు చివర పెట్టే ‘సున్నా’ అచ్చంగా ఆ బోర్డే. అందుకే ‘రవి’కి నాలుగు కాదు, ఐదు గళ్లు కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పకుండా పప్పులో కాలేసేది ఇక్కడే. సున్నా లేకపోతే యంత్రం ఆగదు. పేరు దాటి పక్క గళ్లలో ఏముంటే అది చదువుకుంటూ పోతుంది, ఎక్కడో అనుకోకుండా ఓ సున్నా తగిలేదాకా.

దీనికో తమాషా కొసమెరుపు ఉంది. పేరుని జాగ్రత్తగా, ఇన్ని గళ్లే అని కొలిచి నకలు చేసే ‘స్ట్రెన్‌కాపీ’ అనే ఫంక్షను ఒకటుంది. గడి సరిగ్గా నిండిపోతే అది చివర సున్నా పెట్టదు! ఇదేం జాగ్రత్త అని విద్యార్థులు తిట్టుకుంటారు. అది పుట్టిందే పైన చెప్పిన 14 గళ్ల ఫైలు పేర్లలాంటి వాటి కోసం. అక్కడ పద్నాలుగూ నిండితే సున్నాకి చోటే ఉండదు, అవసరమూ లేదు. ఆ అవసరం తీరిపోయాక కూడా ఆ ఫంక్షను మిగిలిపోయింది, విజయవాడకి బీజడ్ఏ మిగిలినట్లు.

రెండో దారి: గోడౌను రసీదు

గుడివాడ వైపు రైతు ధాన్యాన్ని గోడౌన్లో పెట్టి రసీదు జేబులో వేసుకుంటాడు. పది బస్తాలైనా వెయ్యి బస్తాలైనా రసీదు సైజు ఒకటే. సి భాషలో పాయింటరు చేసే పని ఇదే. స్ట్రక్ట్‌లో పేరు ఉండదు, పేరు ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుంది. అసలు పేరు ఇంకెక్కడో, ఎంత కావాలో అంత చోటు అడిగి తీసుకుని పెడతారు. మన భవాని పేరు పూర్తిగా పడుతుంది, ‘రవి’ దగ్గర ఒక్క గడి కూడా వృథా పోదు.

మరి ఇబ్బందేమిటి? రసీదుని జిరాక్స్ తీస్తే ధాన్యం రెట్టింపవుతుందా? అవదు. స్ట్రక్ట్‌ని నకలు చేస్తే చిరునామా మాత్రమే నకలవుతుంది. ఇద్దరు విద్యార్థుల రికార్డులూ ఒకే పేరుని చూపిస్తుంటాయి. ఒకరి పేరు మారిస్తే రెండోవారిదీ మారిపోతుంది. ఒకరు సరుకు ఖాళీ చేసి గోడౌను అప్పగించేస్తే, రెండోవారి చేతిలో చెల్లని రసీదు. దాన్ని పట్టుకుని వెళ్తే అక్కడ ఇంకెవరి సరుకో ఉంటుంది. ఖాళీ చేయడం అసలే మరచిపోతే? అద్దె పెరుగుతూ పోయినట్లు ప్రోగ్రాం జ్ఞాపకాన్ని మింగుతూ పోతుంది.

ఇంకో ముచ్చట. ఇలాంటి స్ట్రక్ట్‌ని ఉన్నదున్నట్లు ఫైల్లో దాచి, మర్నాడు తెరిచేవాళ్లు ఉంటారు. ఫైల్లో దాగింది రసీదే! నిన్నటి గోడౌను ఈరోజు ఆ చిరునామాలో లేదు. పేరుండాల్సిన చోట చెత్త కనిపిస్తుంది, లేదా ప్రోగ్రామే కుప్పకూలుతుంది. కాలేజీ ప్రాజెక్టు డెమో రోజున ఇది జరిగితే ఆ విద్యార్థి ముఖం చూడలేం.

మూడో దారి: గూడ్సు బండి

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి బొగ్గు తెచ్చే గూడ్సుని తలచుకోండి. ముందు ఇంజిను, దాని కొలత మారదు. వెనక వ్యాగన్లు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని. అంతా కలిపి ఒకటే బండి. మూడో పద్ధతి ఇదే. స్ట్రక్ట్ మొదట్లో మార్కులు, పుట్టినతేదీ, పేరు పొడవు. చివర్న పేరు, ఎంత పొడవుంటే అంత. మొత్తానికి కలిపి ఒకేసారి చోటు అడుగుతారు, ఒకేసారి వదిలేస్తారు. రసీదు లేదు, గోడౌను లేదు. బర్క్‌లీ వాళ్ల ఉపాయానికి ఇది దగ్గర చుట్టమే. ప్రోగ్రామర్లు ఒక గడి అని రాసి, ఎక్కువ చోటు తీసుకుని చాలాకాలం ఇలా దొడ్డిదారిన నెట్టుకొచ్చారు. 1999 నాటి సి ప్రమాణం దీన్ని అధికారికంగా ఒప్పుకుని ‘ఫ్లెక్సిబుల్ ఆరే మెంబర్’ అని పేరు పెట్టింది.

షరతులున్నాయి. వ్యాగన్లు ఇంజిను వెనకే ఉండాలి, అంటే సాగే పేరు స్ట్రక్ట్‌లో ఆఖరిదై ఉండాలి. అలాంటిది ఒక్కటే ఉండాలి. ఇంటిపేరూ, అసలు పేరూ రెండూ సాగాలంటే కుదరదు. రెంటినీ ఒకే వరసలో పెట్టి ఎక్కడ విడిపోతాయో పక్కన రాసుకోవాలి. ఇక పెళ్లయ్యాక పేరు పొడవు పెరిగితే? బండి మొత్తాన్నీ పెద్ద ట్రాక్ మీదకి మార్చాల్సి రావచ్చు. అప్పుడు పాత చిరునామా రాసుకున్నవాళ్లందరికీ కొత్తది చెప్పాలి.

పైగా రాసుకున్న పొడవుని గుడ్డిగా నమ్మినా ముప్పే. 2014 ఏప్రిల్లో బయటపడ్డ ‘హార్ట్‌బ్లీడ్’ అదే. ఇంటర్నెట్ భద్రతకి ఎన్నో వెబ్‌సైట్లు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ అనే ప్రోగ్రాంలో దొరికిన లోపమిది. అవతలివాడు ఒక్క మాట పంపి, ‘నేను పంపింది 64 వేల అక్షరాలు, తిరిగి చదివి వినిపించు’ అంటే, సర్వరు నిజమే కాబోలనుకుని తన జ్ఞాపకంలో పక్కనున్నవన్నీ చదివి పంపేసింది. వాటిలో పాస్‌వర్డులూ ఉండొచ్చు. వేబిల్లు మీద బస్తాల లెక్క చూసి లారీ తెరిచి చూడకపోతే అంతే సంగతులు.

తెలుగులో రాస్తే...

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇంగ్లిషు అక్షరాల లెక్క. ‘విజయవాడ’ అని తెలుగులో రాస్తే ఎన్ని గళ్లు? వి, జ, య, వా, డ... ఐదు అక్షరాలే కదా, ఇంగ్లిషు కన్నా సగం అనిపిస్తుంది. కాదు. గుడికొకటి, దీర్ఘానికొకటి విడిగా లెక్కపెడితే యూనికోడ్‌లో ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మొత్తం 21! ఇంగ్లిషులో పదే. ‘శ్రీ’ ఒక్క అక్షరం, 12 బైట్లు. ‘లక్ష్మి’ రెండే అక్షరాలు, విజయవాడంత చోటు తింటుంది.

ఈ యూటీఎఫ్-8ని 1992లో న్యూజెర్సీలోని ఓ హోటల్లో, బల్లమీద పరిచే కాగితం మీద గీసింది కెన్ థాంప్సనే. పక్కన రాబ్ పైక్ ఉన్నాడు. ఫైలు పేరుకి 14 గళ్లు చాలనుకున్న యునిక్స్ సృష్టికర్త చేతిలోనే ప్రపంచ భాషలన్నీ పట్టే పద్ధతి పుట్టిందన్నమాట. అంతకుముందు 1991లో మన దేశ ప్రమాణమైన ఇస్కీలో ఒక్కో సంకేతానికి ఒకే బైటు. దాంట్లో విజయవాడ ఏడింటితో సరిపోయేది. అయితే ఒకే వరసలో ప్రపంచ భాషలన్నీ కలిపి రాయడం కుదిరేది కాదు. ఎస్సెమ్మెస్ రోజుల్లో ఇంగ్లిషులో 160 అక్షరాలు రాయనిచ్చే ఫోను తెలుగులోకి మారగానే 70కి పడిపోయేది కదా, అదీ ఈ బాపతు లెక్కే. అక్కడ పద్ధతి వేరు, ఒక్కో సంకేతానికి రెండు బైట్లు.

ఇంగ్లిషు కొలతతో గీసిన 20 గళ్లలో ‘విజయవాడ’ని కుక్కితే? సున్నాకి ఒకటి పోను 19 మిగులుతాయి. ‘విజయవా’కి 18. చివరి ‘డ’లో మూడో వంతు మాత్రం లోపలికి వస్తుంది! తెర మీద ఆ చోట ప్రశ్నార్థకమో, ఖాళీ డబ్బానో కనిపిస్తుంది. తెలుగు పేర్ల చివర అలాంటి డబ్బాలు చూసి ఫాంటు లేదనుకుంటాం గానీ, కొన్నిసార్లు కారణం ఇలా అక్షరాన్ని నడిమికి కోయడమే.

పాస్‌పోర్టులో ఎంత?

విదేశాలకెళ్లే మన పిల్లలకి ఇంకో గడి ఎదురవుతుంది. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున బాణంలాంటి గుర్తులతో రెండు వరసలుంటాయి, యంత్రం చదవడానికి. ఒక్కో వరసకి 44 గళ్లు. పేరుకి అందులో దక్కేవి 39. ఖాళీ గళ్లన్నిటినీ ఆ బాణం గుర్తులతో నింపుతారు. ముందు ఇంటిపేరు, రెండు బాణాలు, తర్వాత పేరు. ఇంటిపేరు, పేరు అని విడదీయకుండా అంతా ఒకే గడిలో రాసిన పాస్‌పోర్టుతో అమెరికా వీసాకి వెళితే పేరుండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వేసిస్తారు. పేరు తెలియదు అని! అమ్మానాన్న ముచ్చటపడి పెట్టిన పేరు అది.

ఈ గొడవ మనకొక్కరికే కాదు. అమెరికాలోని హవాయిలో 35 అక్షరాల ఇంటిపేరున్న ఒక మహిళకి ఆ రాష్ట్ర డ్రైవింగ్ లైసెన్సులో 34 దాకానే పట్టింది. పేరు కుదించుకోనని ఆమె పట్టుబట్టడంతో 2013లో హవాయి ప్రభుత్వమే ఆ గడిని 40 అక్షరాలకి పెంచింది.

మన భవాని సంగతి చూద్దాం. ఇంటిపేరు పదక్షరాలనుకుంటే, రెండు బాణాలు పోగా పాస్‌పోర్టు వరసలో మిగిలేవి 27 గళ్లు. వరసగా రాసుకుంటూ పోతే వెంకట, నాగ, సత్య, దుర్గ పట్టేశాయి. ఆఖరి పేరులో ‘బి, హెచ్’ దగ్గర వరస అయిపోయింది. పోనీ తెలుగులో రాద్దామా? పేరు మొత్తం 73 బైట్లు, చివరి సున్నాతో 74. కొంచెం ఉదారంగా 64 గళ్లిచ్చిన ప్రోగ్రామరు దగ్గరికి తీసుకెళితే అక్కడా నాలుగు పేర్లూ పట్టాయి. ఆఖరిదాంట్లో ‘భ’ దాకా వచ్చి, ‘వ’లో మూడో వంతు బయటే ఉండిపోయింది.